నా చెయ్యి పట్టుకుని ఆపినవాళ్లకు

మొన్న ఆదివారం పొద్దున మా తాత చిత్రిక మళ్లీ పని చేసింది. వేప బద్ద మీద ఒక్క తోపు తోస్తే ఉల్లిపొర లాంటి పొట్టు చుట్టలు చుట్టుకుంటూ పైకి వచ్చింది. అమ్మ చూసి ఏమీ అనలేదు. చీపురు తెచ్చి గోడకు ఆనించి, "ఊడ్చకుండా వెళ్లావంటే చూడు" అని మాత్రం అంది.

దాదాపు రెండేళ్లు పట్టిన పని ఇది. ఇందులో నా చేతి పని సగం కూడా లేదు. మిగతాది ఎవరెవరిదో రాసి పెట్టాలని కూర్చున్నాను. పేర్లు వద్దన్నారు, సరే. చదివితే ఎవరికి వాళ్లకి తెలిసిపోతుంది.

తెలియనివాళ్ల కోసం ముందు కథ. మా తాత చెన్నైలో పెరంబూరు క్యారేజ్ వర్క్స్‌లో వడ్రంగి. 1856లో మద్రాస్ రైల్వే కంపెనీ పెట్టిన వర్క్‌షాపు అది. ఆయన చేరిన రోజుల్లో బోగీల్లో తలుపులు, కిటికీ చట్రాలు, బల్లలు అన్నీ టేకే. 1955లో అదే పెరంబూరులో ఐ.సి.ఎఫ్. (ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) మొదలై ఉక్కు బోగీలు తయారవడంతో వడ్రంగుల పని మెల్లమెల్లగా మరమ్మతులకు దిగిపోయింది. సొంత పనిముట్లు మాత్రం మూర్ మార్కెట్‌లో ఒక్కొక్కటీ సెకండ్ హ్యాండ్‌లో ఏరుకుని కొన్నాడట. 1985లో ఆ మార్కెట్ తగలబడిపోయినప్పుడు రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదని నాన్నమ్మ చెప్పేది. ఇప్పుడు ఆ చోట సెంట్రల్ లోకల్ రైళ్ల స్టేషన్ ఉంది.

ఆయన పోయాక పనిముట్ల ట్రంకుపెట్టె మంచం కిందకి చేరింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చింది. వేళచ్చేరిలో మాది గ్రౌండ్ ఫ్లోరు. ఇంట్లో మోకాలి లోతు నీళ్లు. బియ్యం, ఫ్రిజ్, సర్టిఫికెట్లు పైకెక్కించే హడావిడిలో పెట్టె ఎవరికీ గుర్తు రాలేదు. తెరిచేసరికి సంక్రాంతి దాటింది. చిత్రిక, ఉలులు, రంపం, మూలమట్టం అన్నీ ఒకే ఇటుక రంగు. దేన్ని ముట్టుకున్నా వేళ్లకి పొడి.

అమ్మ పాత సామాన్లు కొనే కాయలాన్ కడ అన్నని పిలిచింది. నా మొదటి కృతజ్ఞత ఆయనకే, అంటే తూకానికి కొనడానికి వచ్చి కొనకుండా వెళ్లిన మనిషికి. చిత్రికని చెవి దగ్గర పట్టుకుని జేబులోంచి బోల్టు తీసి మెల్లగా తట్టాడు. ఠంగుమంది. "పగులు లేదు సార్, పగిలుంటే డొల్లగా మోగుతుంది. దీన్ని తూకానికేస్తే పాపం" అని తమిళంలో అని, పాత పేపర్లు మాత్రం తీసుకుని పోయాడు. పోత ఇనుములో పగులు కంటికి కనపడకపోయినా చెవికి దొరుకుతుందని నాకు అప్పుడే తెలిసింది. ఆయన అలా తట్టకపోయి ఉంటే ఈ పోస్టే లేదు.

తుప్పు తీయడానికి నేను వేసిన ప్లాన్ గొప్పది. బకెట్లో నీళ్లు, అందులో వాషింగ్ సోడా, పాత కారు బ్యాటరీ చార్జరు. తుప్పు పట్టిన వస్తువు నెగటివ్ వైపు, పాజిటివ్ వైపు ఇంకో లోహపు ముక్క. ఆ ముక్క కోసం వంటింట్లోంచి పాత స్టెయిన్‌లెస్ స్టీల్ గరిటె తెచ్చాను, శుభ్రంగా మెరుస్తోంది కదా అని. రెండో అంతస్తులో ఉండే కెమిస్ట్రీ టీచరక్క బట్టలారేయడానికి దిగి వచ్చి చూసి, నేను స్విచ్ వేసేలోపు ప్లగ్గు పీకేసింది. స్టెయిన్‌లెస్ స్టీల్లో క్రోమియం ఉంటుంది, కరెంటు పెడితే అది విషపు రూపంలో నీళ్లలోకి దిగుతుంది, ఆ నీళ్లు ఎక్కడ పారబోస్తావు అని ఒక్కటే ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు. మామూలు ఇనుప కడ్డీ పెట్టించింది. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్ అని చెప్పి బకెట్‌ని మేడ మీదకి మోయించింది. ఆ రాత్రి రెండుసార్లు పైకి వెళ్లి నాకన్నా ముందు తనే చూసుకొచ్చిందని తర్వాత తెలిసింది. అక్కా, ఆ గరిటె ఇంకా పప్పులోనే తిరుగుతోంది.

చిన్న చిన్న స్క్రూలకీ రేకులకీ నిమ్మ ఉప్పు చాలని చెప్పింది కూడా అక్కే. నైనియప్ప నాయకన్ వీధి నుంచి కిలో తెచ్చాను, ఇంకా ముప్పావు మిగిలింది. ఒకటే జాగ్రత్త: తీశాక సోడా కలిపిన నీళ్లలో ముంచి, వెంటనే తుడిచి ఆరబెట్టి నూనె రాయాలి. ఈ ఊరి గాలికి పావుగంట వదిలేస్తే చాలు, కళ్ల ముందే మళ్లీ ఎర్రబడుతుంది.

తుప్పు పోయాక చిత్రిక ముందు భాగంలో బెయిలీ అనే పోత అక్షరాలు బయటపడ్డాయి. బ్లేడుని స్క్రూ తిప్పి పైకీ కిందకీ జరిపే పద్ధతి లియొనార్డ్ బెయిలీ అనే అమెరికన్‌ది. ఆయన పేటెంట్లని 1869లో స్టాన్లీ కంపెనీ కొనుక్కుంది. మాది అయిదో నంబరు, పద్నాలుగు అంగుళాల పొడవు. వెనక పిడిని పట్టి ఉంచే స్క్రూ తుప్పుకి తెగిపోయింది. ప్యారిస్‌లో, అదే మన ప్యారీస్ కార్నర్‌లో, లింగి చెట్టి వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా తిరిగాను. మూడో షాపులోనే నవ్వారు. దాని మర అంగుళానికి ఇరవై పళ్లు, కానీ లావు మామూలుగా దొరికే స్క్రూలది కాదు. అంబత్తూరు ఎస్టేట్‌లో లేత్ నడిపే ఒంగోలు మావయ్య మధ్యాహ్నం భోజనం టైములో కూర్చుని ఒకటి చేసిచ్చాడు. డబ్బులివ్వబోతే, "ముందు అది పట్టనియ్యి, పట్టకపోతే నువ్వు నాకు తిరిగి ఏమిస్తావు?" అన్నాడు. పట్టింది. డబ్బులు ఇంకా తీసుకోలేదు.

ఆచారి గారి దగ్గరికి నన్ను పంపింది ఆయనే.

ఆచారి గారికి డెబ్బై ఎనిమిదేళ్లు. వాళ్లది తిరుత్తణి వైపు. ఆయన కూడా క్యారేజ్ వర్క్స్‌లోనే చేసి రిటైరయ్యారు, మా తాత తర్వాతి తరం. మొదటి రోజు వెళ్తే ఉలులు ఒక్కొక్కటే బొటనవేలి మీద ఆడించి చూశారు. మా బావ అప్పటికే వాటిని కొట్టిపారేశాడు, మీద 'కాస్ట్ స్టీల్' అని ముద్ర ఉంది కాబట్టి పోత ఇనుము, విరిగిపోతుందని. ఆచారి గారు "పోత ఇనుము కాదు, పోత ఉక్కు. దీనికి పట్టే పదును ఇప్పటివాటికి పట్టదు నైనా" అన్నారు. మూసలో కరిగించి పోసిన ఉక్కని ఆ ముద్రకి అర్థమట. 1740లలో షెఫీల్డ్ దగ్గర బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల ఆయన స్ప్రింగులకు మంచి ఉక్కు కావాలని ఆ పద్ధతి పట్టాడు. మూసలో ఉక్కు చేయడం మనవాళ్లకు అంతకన్నా పాత విద్యే అనుకోండి. నిజామాబాదు వైపు కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. బావా, ఇది నీ కోసమే రాశాను.

చిత్రిక అడుగు చదును చేయడానికి దేవరాజ ముదలి వీధిలో పన్నెండు మిల్లీమీటర్ల అద్దం ముక్క కొన్నాను. దాని మీద గరుకు కాగితం అంటించి రుద్దాలి. అడుగంతా మార్కరుతో అడ్డదిడ్డంగా గీతలు గీసి పది రుద్దులు రుద్దితే, ఎత్తున్న చోట సిరా పోతుంది, పల్లంలో మిగులుతుంది. ముందు అంచు దగ్గర ఒక రూపాయి బిళ్లంత మరక మూడు సాయంత్రాలు పోనేలేదు. బ్లేడు తీసేసి రుద్దుతున్నానని ఆచారి గారు ఫోన్లో విని ఆపించారు. బ్లేడు లోపలికి లాగి, అన్నీ బిగించి ఉంచే రుద్దాలట. బిగించినప్పుడు ఇనుము కాస్త వంగుతుంది, పని చేసేటప్పుడు ఉండే ఆకారంలోనే చదును కావాలి. మళ్లీ మొదటికొచ్చాను. ఈసారి ఒక్క సాయంత్రంలో మరక పోయింది.

ఆయన చెప్పినా వినని సంగతి ఒకటుంది. గ్రైండరు మీద పెట్టొద్దు, రాయి మీదే పట్టు అన్నారు. నాకు తొందర. స్నేహితుడి వర్క్‌షాపుకి వెళ్లి గ్రైండరు మీద పెట్టాను. రెండు నిమిషాలు బాగానే ఉంది. నీళ్లలో ముంచడం ఒక్కసారి మరిచిపోయాను. అంచు పసుపుగా, ఊదాగా, చూస్తుండగానే నెమలికంఠం రంగుకి తిరిగింది. ఆ నీలం వచ్చిందంటే ఉక్కు గట్టిదనం పోయినట్టే. తీసుకెళ్లి చూపిస్తే ఆయన కోప్పడతారనుకున్నాను. "కూర మాడ్చినట్టు మాడ్చావు కదా నైనా" అని సాన దగ్గర కూర్చోబెట్టి, మాడిన మేర పోయేదాకా నాతోనే రుద్దించారు. రెండు ఆదివారాలు. తర్వాత బ్లేడు మీద బిగించే పైరేకుని దాని అంచుకి అర మిల్లీమీటరు దగ్గరగా జరిపి బిగించి చూపించారు. అంతకుముందు ముడి దగ్గర పేళ్లు లేచిపోయే చెక్క, ఆ జరుపుతో నున్నగా వచ్చింది. ఆయన జరిపింది జుట్టువాసి.

ఇక పని బల్ల. "బల్ల దేనికి, కాళ్లు లేవా?" అని ఆయన నవ్వారు. కింద కూర్చుని బద్దని పాదంతో తొక్కిపట్టి చిత్రిక పట్టే మనిషి ఆయన. నా నడుము అందుకు ఒప్పుకోదు. సరే, వర్క్‌షాపులో బల్లలుండేవి కదా అని కొలతలు ఆయనే చెప్పారు. ఎత్తు మాత్రం అంగుళాల్లో చెప్పలేదు. నిటారుగా నిలబడి చేతులు వదిలేయమని, నా మణికట్టు దగ్గర గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టారు. అది ముప్పైమూడు అంగుళాలైంది.

కాళ్లకి, పడగొట్టిన పాత ఇంటి టేకు దూలాలు దొరికాయి. పై పలకకి ఒక టింబరు డిపోలో వేప బద్దలు కొన్నాను, రెండంగుళాల మందం, నాలుగంగుళాల వెడల్పు, పదకొండు. బాగా ఆరిన చెక్కని ఒట్టు పెట్టి అమ్మారు. ఆ వారమే ఫెవికాల్ పెట్టి అతికించేద్దామని క్లాంపులు కూడా అడిగి ఉంచాను. ఆచారి గారు ఒక బద్ద చెంపకి ఆనించుకుని, "చల్లగా ఉంది, పచ్చి చెక్క" అన్నారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. వీధి చివర మళిగై కడ (కిరాణా కొట్టు) అన్న తన తూకం మీద పెట్టనిచ్చాడు: ఆరు కిలోల నాలుగు వందల గ్రాములు. బద్దల మధ్య పుల్లలు పెట్టి మెట్ల కింద పేర్చి, ప్రతి ఆదివారం అదే బద్దని మోసుకెళ్లి తూచాను. ఇడ్లీ పిండి కోసం వచ్చినవాళ్లు పక్కకి జరిగి నిలబడేవారు. అన్న తన క్యాలెండరు మీదే బరువు రాసిపెట్టేవాడు. రెండో వేసవి సగానికి అయిదు కిలోల ఆరు వందల యాభై దగ్గర ఆగింది, ఆ తర్వాత దిగలేదు. అంటే ఒక్క బద్దలోంచే ముప్పావు కిలో నీళ్లు పోయాయి. అప్పుడే అతికించి ఉంటే ఆ నీళ్లు పోతూ పోతూ పలకని అప్పడంలా వంచేసేవి. నాలుగు బద్దలు మెట్ల కిందే మెలికలు తిరిగాయి కూడా, వాటికి బదులు వేరేవి వెతకాల్సి వచ్చింది.

అతికించిన రోజు ఎనిమిది క్లాంపులు, నలుగురు మనుషులు. బల్ల మీద చెక్కని పట్టి ఉంచే మేజా బిగింపులకి పుదుపేట నుంచి ఇనుము తెచ్చింది ఒకరు, కొలిమిలో వంచి ఇచ్చింది ఇంకొకరు. అవిసె నూనె పూశాక గుడ్డల్ని ఉండ చేసి మూలన పడేస్తే వాటంతట అవే అంటుకుంటాయని విప్పి తీగ మీద ఆరేసింది మా ఆవిడ. ఇలా రాస్తూ పోతే తెల్లారుతుంది.

ఒక్కటి మాత్రం రాయాలి. చిత్రిక పిడి రోజ్‌వుడ్. నిలువునా పగిలితే అతికించాను. ఆ తర్వాత కొత్తదానిలా కనపడాలని గరుకు కాగితంతో మొత్తం నున్నగా రుద్దడం మొదలుపెట్టాను. ఆచారి గారు నా మణికట్టు పట్టుకున్నారు. ఏమీ చెప్పకుండా పిడిని నా చేతిలో పెట్టి, బొటనవేలు ఎక్కడ కూర్చుంటుందో చూడమన్నారు. ఎడమ పక్కన చిన్న గుంట ఉంది. నేను దాన్ని నీటి వల్ల వచ్చిన లోపం అనుకుని, దాన్నే పోగొట్టడానికి చూస్తున్నాను. నా వేలు అందులో సరిగ్గా పట్టదు, మా తాత వేలు లావు. అక్కడ నూనె తప్ప ఇంకేమీ రాయలేదు.

క్లాంపులిచ్చిన అన్నా, ఎనిమిదీ తుడిచి సంచిలో పెట్టాను, ఈ ఆదివారం తెస్తున్నాను. ఒకదాని స్క్రూకి ఫెవికాల్ అంటింది, గీకితే ఇంకా పూర్తిగా పోలేదు. నిమ్మ ఉప్పు ఎవరికైనా కావాలంటే వచ్చి పట్టుకెళ్లండి. ఆచారి గారూ, రంపం పళ్లు మీరన్నట్టే వంకరగా ఉన్నాయి, ముక్కోణపు ఆకురాయి కొన్నాను, మీరొచ్చేదాకా ముట్టుకోను.