టర్కీ బస్తాలో బ్రాయిలర్ మేత: పరిహారం కోరుతూ ఫిర్యాదు

తేదీ: జనవరి 6

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: క్రిస్మస్ టర్కీ కిట్‌లో మీరు పంపిన ఫినిషర్ మేతలో (కోతకు ముందు పెట్టే చివరి దశ మేత) సాలినోమైసిన్ అనే బ్రాయిలర్ కోళ్ల మందు ఉండటం, దానివల్ల 11 పక్షులు చనిపోవడం, మీ పెంపకం పుస్తకంలోని తప్పుల గురించి.

అయ్యా,

ఆగస్టు 22న 24 టర్కీ పిల్లలు, స్టార్టర్ (మొదటి వారాల మేత), గ్రోయర్ (ఎదిగే వయసు మేత) బస్తాలు, తెలుగులో అచ్చు వేసిన ఓ చిన్న పుస్తకం మీ దగ్గర్నుంచి అందాయి. ఫినిషర్ బస్తా నవంబరులో వచ్చింది. దాన్ని 20వ తేదీ ఉదయం విప్పాం. అప్పటికి పక్షులకు 13 వారాలు, బతికున్నవి 22. పెద్ద దొడ్డిలో 18 ఉంటే, నాలుగు పెట్టలు పక్క దొడ్డిలో పాత గ్రోయర్ మేతే తింటున్నాయి.

22వ తేదీ తెల్లవారేసరికి పెద్ద దొడ్డిలో మూడు పక్షులు బోర్లా పడి ఉన్నాయి. రొమ్ము నేలకు ఆనింది, రెండు కాళ్లూ వెనక్కి చాపుకుపోయాయి. తల మాత్రం నిటారుగానే ఉంది, మనిషి దగ్గరికి వెళ్తే అటే చూస్తున్నాయి. లేవబోతే రెక్కలు కొట్టుకోవడమే తప్ప కాలు నిలవడం లేదు. వెంటనే ఆ మేత తీసేశాం. అయినా ఐదు రోజుల్లో 11 చనిపోయాయి, మూడు ఇప్పటికీ కుంటుతున్నాయి. పక్క దొడ్డిలోని నాలుగు పెట్టలకు మాత్రం ఏమీ కాలేదు. వాటికీ అదే నీళ్లు, అదే ఊక, తేడా ఒక్క మేతలోనే.

మీ ప్రతినిధి వచ్చి చూసి ‘రాణిఖేత్ అయి ఉంటుంది’ అన్నారు. టీకాలు వేళకు వేశాం, ఏ పక్షికీ మెడ తిరగలేదు, పచ్చ పారుడు లేదు. తర్వాత బ్లాక్‌హెడ్ (టర్కీల పేగునూ కార్జాన్నీ పాడుచేసే జబ్బు) అన్నారు. ఆ జబ్బయితే రెట్ట గంధకం రంగులో పడుతుంది, కార్జం మీద గుండ్రంగా లోపలికి గుంటపడ్డ మచ్చలు కనిపిస్తాయి. పశువుల డాక్టరు కోసి చూసినప్పుడు కార్జం శుభ్రంగా ఉంది. పాలిపోయిన తెల్లటి చారలు కనిపించింది తొడ కండలోనూ గుండె కండలోనూ. రిపోర్టు జతచేశాం.

చివరికి మీ ప్రతినిధి అన్న మాట ఇది: ‘ఇదే బస్తాలోంచి నాలుగు కిలోలు తీసుకెళ్లిన పక్కింటి వాళ్ల నాటుకోళ్లు బాగానే ఉన్నాయి కదా, ఇక మేతలో తప్పేముంది?’ తప్పు ఉన్నదక్కడే. నాటుకోడి తట్టుకుని టర్కీ కూలిపోయిందంటే ముందుగా అనుమానించాల్సింది సాలినోమైసిన్‌నే. రక్తపారుడు రాకుండా బ్రాయిలర్ మేతలో టన్నుకు 60 గ్రాముల లెక్కన దీన్ని కలపడం మామూలే. కోడికి మేలుచేసే ఆ మోతాదే టర్కీకి విషం. ఈ మందు సోడియం, పొటాషియం అయాన్లను కణం పొర దాటిస్తుంది. టర్కీ కండరాల్లో దానితో లెక్క తప్పి, కణంలోకి కాల్షియం చేరిపోయి కండ చస్తుంది. చిన్న పిల్లలకంటే ఎదిగిన టర్కీలకే ఎక్కువ ప్రమాదం. విరుగుడు మందు లేదు. మేత మార్చి, పక్షి నోటికందేలా నీళ్లు పెట్టడమే చేయగలిగింది. ఇలాంటప్పుడు ఎవరైనా జలుబు మందనుకుని టియాములిన్ అనే యాంటీబయాటిక్ పోస్తే సాలినోమైసిన్ విషం ఇంకా పెరుగుతుంది. మీ ప్రతినిధి ఫోనులో చెప్పింది సరిగ్గా అదే, అదృష్టం కొద్దీ పోయలేదు.

మేతను ల్యాబుకు పంపితే టన్నుకు 58 గ్రాముల సాలినోమైసిన్ ఉందని తేలింది. మీ చీటీ మీదా ఆ పేరు ఉంది, దాచారని అనడం లేదు. కానీ బస్తా మూతి కుట్టులో కలిపి కుట్టిన వేలెడు తెల్ల కాగితం మీద, ఇంగ్లీషులో, ఏడో వరుసలో ఉంది. దారం లాగితే కాగితం చిరిగి సగం దారంతోనే పోతుంది. సాలినోమైసిన్ ప్యాకెట్ల మీద టర్కీలకు, గుర్రాలకు పెట్టరాదన్న హెచ్చరిక ఉండటం ఈ రంగంలో అందరికీ తెలిసిందే. మీ బస్తా మీద ఆ హెచ్చరిక లేదు సరికదా, ముందువైపు పెద్ద టర్కీ పుంజు బొమ్మ ఉంది!

బ్రాయిలర్ మేత బస్తాకే బొమ్మ మార్చారన్న అనుమానం స్టార్టర్ చూసినప్పుడే వచ్చి ఉండాల్సింది. దాని మీద 21 శాతం ప్రొటీన్ అని ఉంది. టర్కీ పిల్లకు మొదటి నెల 28 శాతం, రెండో నెల 26 కావాలి. వేరుశనగ చెక్క, ఎండు చేప పొడి కలిపి నెట్టుకొచ్చాం. పుస్తకం చూసి పెంచే కొత్తవాళ్లకు ఆ లెక్క ఎవరు చెబుతారు?

పుస్తకం సంగతీ చెప్పాలి. బ్రూడర్‌లో (పిల్లలను వెచ్చగా ఉంచే చోట) న్యూస్‌పేపరు పరచమన్నారు. నున్నటి కాగితం మీద పిల్లల కాళ్లు పక్కలకు జారి, మళ్లీ దగ్గరకు రావు. వరి ఊక పోసి, దాని మీద మొదటి నాలుగు రోజులు గరుకు గోనె వేయాలి. మేత, నీళ్లు పెట్టి వదిలేస్తే చాలన్నారు. టర్కీ పిల్ల తనంతట మేతను గుర్తించలేక, దాని ముందరే నిలబడి ఆకలితో చావొచ్చు. ఒక్కో పిల్ల ముక్కూ నీళ్లలో ముంచి చూపించాలి, ఉడికిన గుడ్డు, సన్నగా తరిగిన ఆకుకూర మేత మీద చల్లాలి. నాటుకోళ్లతో కలిపి తిప్పమన్న మాటైతే తప్పకుండా తీసేయాలి. కోడి పేగులోని చిన్న పురుగు గుడ్లతో పాటే బ్లాక్‌హెడ్ వస్తుంది. ఆ గుడ్లు నేలలో ఏళ్ల తరబడి బతుకుతాయి.

రోస్టు పేజీ రాసినవారు టర్కీని ఒక్కసారైనా కాల్చారో లేదో. ‘కోసిన గంటలోపు ఓవెన్‌లో పెట్టాలి’ అన్నారు. అప్పటికి కండ బిగుసుకుంటూ ఉంటుంది, మూడు గంటలు కాల్చినా రబ్బరులా సాగుతుంది. కోసే ముందు పది గంటలు మేత ఆపి నీళ్లు మాత్రం ఉంచాలి. 60 డిగ్రీల నీళ్లలో నిమిషం ముంచి ఈకలు పీకాలి. అంతకన్నా కాగితే చర్మం ఉడికి చిరుగుతుంది. ఐసు నీళ్లలో చల్లార్చి, కిలోకు 12 గ్రాముల ఉప్పు రాసి, 24 గంటలకు తగ్గకుండా ఫ్రిజ్‌లో ఉంచాలి.

‘230 డిగ్రీల దగ్గర రెండు గంటలు, రొమ్ము ఎర్రబడేదాకా’ అన్నది ఇంకో తప్పు. అలా చేస్తే రొమ్ము పీచులా ఎండిపోతుంది, తొడ ఎముక దగ్గర పచ్చిగానే ఉండిపోవచ్చు. ఐదు కిలోల పక్షికి, లోపల ఏమీ కూరకపోతే, 165 డిగ్రీల దగ్గర సుమారు మూడు గంటలు. రంగు చూసి దింపకూడదు. తొడలో అన్నిటికన్నా మందమైన చోట, ఎముకకు తగలకుండా థర్మామీటరు గుచ్చితే 74 డిగ్రీలు చూపాలి. దించాక అరగంట ఆగి కోస్తే రసం పళ్లెంలోకి కారిపోదు. ఇంకోటి, మన ఇళ్లలో ఉండే 30 లీటర్ల ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) ఐదు కిలోల టర్కీ పట్టదు, బలవంతాన దూర్చితే రొమ్ము పై కడ్డీకి తగిలి మాడుతుంది. కాళ్లు విడదీసి వేరే ట్రేలో కాల్చమని ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది.

మేం కోరేవి: చనిపోయిన 11 పక్షులకు, పనికిరాకుండా పోయిన మూడింటికి 13 వారాల వయసు ధర, ల్యాబు, డాక్టరు ఖర్చులు (రసీదులు జతచేశాం). ఇదే బ్యాచ్ నంబరు బస్తాలు కొన్న ప్రతి ఒక్కరికీ ఫోను చేసి వెనక్కి తీసుకోవాలి. ఇది పరిహారం కన్నా ముందు జరగాలి, ఇంకా ఎవరి దొడ్లో ఆ బస్తా ఉందో మాకు తెలియదు. బస్తా ముందువైపు, టర్కీ బొమ్మ ఉన్న చోటనే, తెలుగులో పెద్ద అక్షరాలతో హెచ్చరిక వేయాలి. టర్కీ మేతలో రక్తపారుడు మందు కలపాల్సి వస్తే ఆంప్రోలియం ఉంది. పుస్తకం సవరించేదాకా పంచడం ఆపాలి.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాం.

బస్తాలో మిగిలిన 38 కిలోల మేతను సాక్షుల ముందు మూతి కుట్టి సంతకాలు పెట్టించి ఉంచాం. మీ మనిషి వస్తే చూపిస్తాం, అరకిలో నమూనా ఇస్తాం. బస్తా మాత్రం తీసుకెళ్లనివ్వం.

ఇట్లు,
పెరటి టర్కీ పెంపకందార్లం