కొర్రబయలును కాశ్మీరు అనవద్దు: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను పశ్చిమ గోదావరి జిల్లా పెనుగొండ దగ్గరి ఒక పల్లెలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. ముప్పై ఏళ్లకు పైగా ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధించాను. అల్లూరి సీతారామరాజు జిల్లాలో చింతపల్లి మండలానికి చెందిన, స్థానికులు కొర్రబయలు అని కూడా పిలిచే లంబసింగి గురించి, ఆ ఊరికి తగిలించిన ‘ఆంధ్రా కాశ్మీర్’ అనే బిరుదు గురించి, ఆ బిరుదును నమ్మి వెళ్లినవారికి అక్కడ ఎదురయ్యేదాని గురించి మీ దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

గత డిసెంబరులో హైదరాబాదు నుంచి మా మనవరాలు సెలవులకు వచ్చింది. మూడో తరగతి. దగ్గరి పట్టణంలోని ఒక ట్రావెల్స్ వారు పంచిన కరపత్రం ఆ పిల్ల కంటపడింది. దేవదారు కొమ్మల మీద తెల్లటి మంచు గడ్డకట్టి ఉన్న బొమ్మ, దాని కింద పెద్ద అక్షరాలతో ‘మంచు చూడాలంటే కాశ్మీరు దాకా ఎందుకు?’ అన్న ప్రశ్న. ఆ బొమ్మ మన రాష్ట్రంలోది కాదని నాకు తెలియక కాదు. అయినా పిల్ల ముచ్చట కాదనలేక, ఆ వాతావరణం నేనూ ఒకసారి చూసినట్టు ఉంటుందని తలకింతని డబ్బు కట్టి వ్యానెక్కాము. రాత్రంతా ప్రయాణం చేసి, నర్సీపట్నం దాటి ఘాట్ రోడ్డెక్కి, తెల్లవారుజామున నాలుగు గంటలకు లంబసింగి చేరేసరికి మా ముందు అర కిలోమీటరు పొడవున వాహనాలు నిలిచి ఉన్నాయి. ఆ చలి మాత్రం నిజమైన చలి. మా ఆవిడ రెండు శాలువాలు కప్పుకొని కూడా వ్యాను దిగనని కూర్చుంది. రోడ్డు పక్కన ఎండుపుల్లలతో వేసిన మంట చుట్టూ ఏ ఊరివాళ్లో ఏమో, పదిమంది అరచేతులు చాచి నిలబడ్డారు.

ఏడు గంటలకు వెలుతురు వచ్చింది. ఎదుట చెట్లు, వాటి వెనక కొండ, అన్నిటినీ కప్పేసిన పొగమంచు. మా మనవరాలు అద్దె స్వెట్టరు చేతులు పైకి లాక్కుంటూ అటూ ఇటూ చూసి, ‘స్నో ఎక్కడ తాతయ్యా?’ అని అడిగింది. ఇదేనమ్మా మంచు అన్నాను. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, ‘ఇది మీ ఊళ్లో కాలవగట్టు మీద కూడా ఉంటుంది కదా’ అంది. మాట నిజమే. ధనుర్మాసంలో మా డెల్టాలో ఏడున్నర దాకా ఎదురుగా వచ్చే సైకిలు కనపడదు. తొమ్మిది దాటేసరికి లంబసింగిలో ఆ తెర కూడా విడిపోయింది. పది గంటలకు ఎండ కాసింది. మాతో వచ్చినవారిలో ఇద్దరు ట్రావెల్స్ వారికి ఫోన్ చేసి డబ్బు వెనక్కి ఇమ్మని అడిగితే, ‘మంచు చూపిస్తామన్నాం, చూపించాం’ అని సమాధానం వచ్చిందట.

అయ్యా, అసలు తిరకాసు ఈ జవాబులోనే ఉంది. మనం వాడుకలో దేన్నైనా మంచు అనే అంటాము. గడ్డిపరక మీద నీటిబొట్టూ మంచే, తెల్లవారి తెరలా కమ్మేదీ మంచే, హిమాలయాల మీద పేరుకునేదీ మంచే. నీహారం, తుషారం, హిమం అని పుస్తకభాషలో వేరువేరు మాటలు ఉన్నా వాటిని టీకొట్టు దగ్గర ఎవరూ వాడరు. మా ఊళ్లో ‘మంచు కురుస్తోంది, తలకు గుడ్డ కట్టుకో’ అంటే ఎవరూ కాశ్మీరును తలచుకోరు. కానీ అదే మాట పక్కన కాశ్మీరులోని గుల్మార్గ్ బొమ్మ అచ్చువేస్తే, ఒక్క అబద్ధమూ చెప్పకుండానే జనాన్ని మభ్యపెట్టవచ్చు. చట్టానికి దొరకనట్టు కనిపించే ఈ మోసానికి మన భాష తెలియకుండానే సాయం చేస్తోందని పాతికమందికి పాఠం చెప్పిన నాకే ఆ ఉదయం దాకా తట్టలేదు.

లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంది. గుల్మార్గ్ ఎత్తు 2600 మీటర్లకు పైమాటే, పైగా అది 34 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంటే లంబసింగి 18 డిగ్రీలు కూడా దాటదు. శీతకాలపు రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి గాలి స్తంభించినప్పుడు, పగలు వేడెక్కిన నేల ఆ వేడిని వదిలేసి చల్లబడుతుంది, బరువెక్కిన చల్లగాలి కొండల మీది నుంచి పల్లానికి దిగుతుంది, అందులోని తేమ పొగమంచుగా మారుతుంది. సూర్యుడు నేలను తిరిగి వేడిచేసిన గంటా రెండు గంటల్లో అది కరిగిపోతుంది. ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పడిపోయిన అరుదైన రాత్రుల్లో గడ్డి మీద, నిలిపి ఉంచిన వాహనాల పైకప్పుల మీద సన్నని తెల్లటి పూత కనపడుతుంది. పత్రికల్లో ‘లంబసింగిలో మంచు’ అని బొమ్మ పడేది ఆ పూతే. అది పైనుంచి కురిసింది కాదు, ఉన్న చోటనే గడ్డకట్టిన తేమ. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీది నుంచి కనిపించే మేఘసముద్రం కూడా దాదాపు ఇలా పుట్టేదే. లోయలో పేరుకున్న మంచుపొరకు పైన మనం నిలబడతాము కాబట్టి అది సముద్రంలా కనిపిస్తుంది. రాత్రి మబ్బు పట్టినా, గట్టిగా గాలి వీచినా ఆ సముద్రం ఉండదు. రెండు గంటలకు లేచి, జీపులో కుదుపులు తిని, చీకట్లో కొండెక్కినవాడికి ఇది ముందుగా చెప్పేవారు ఎవరు?

ఆ ఊరికి స్థానికులు చెప్పుకునే రెండో పేరు కొర్రబయలు. ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రులా బిగుసుకుపోతాడని దాని అర్థం చెబుతారు. చలి గురించి ఇంతకంటే నిజాయితీగా ఏ కరపత్రమూ చెప్పలేదు. అరకు నుంచి పాడేరు వెళ్లే దారిలోని చాపరాయి కూడా అటువంటి పేరే. చాపలా పరుచుకున్న రాతి మీద జారిపోయే ఏరు అది, ఎత్తు నుంచి దూకే జలపాతం కాదు. దాన్ని ‘చాపరాయి వాటర్ ఫాల్స్’ చేసినది మైదానం నుంచి వెళ్లిన మనమే. అక్కడ ఉండేవారు పెట్టిన పేర్లు ఉన్నదాన్ని ఉన్నట్టు చెబుతుంటే, మనం తగిలించిన పేర్లు లేనిదాన్ని ఉన్నట్టు చెబుతున్నాయి.

ఆ ఉదయం నాకు టీ పోసిన గిరిజన మహిళ ఒకామె తెల్లటి కాగితపు గ్లాసు చేతికిస్తూ నా మొహం చూసి తానే అంది: ‘మీరూ మంచెక్కడని అడగడానికేనా బాబూ? రోజూ ఇదే మాట. నేనేటి సెయ్యను? సలైతే ఉంది.’ ఆమె నవ్వింది గాని నాకు నవ్వు రాలేదు. ఎవరో అచ్చువేసిన మాటకు ప్రతి ఉదయం ఆమె సంజాయిషీ చెప్పుకోవలసి వస్తోంది. ఆమె బల్ల మీద చిన్న అట్టపెట్టెల్లో స్ట్రాబెర్రీలు ఉన్నాయి, పక్క తోటలోవే. అవి మన రాష్ట్రంలోనే పండుతాయని మా వ్యానులో సగం మందికి తెలియదు. డిసెంబరులో అక్కడ కంటి ముందున్నది కరపత్రంలో లేదు, కరపత్రంలో ఉన్నది కంటి ముందు లేదు.

వలిసె పూల సంగతీ ఇంతే. అరకు, పాడేరు ప్రాంతాల్లో శీతకాలం మొదట్లో పొలాలు పొలాలే పసుపు రంగు తిరిగిపోతాయి. అవి అలంకారానికి వేసిన తోటలు కావు, నూనెగింజల పైరు. ఫోటోల కోసం చేను తొక్కుతుంటే తట్టుకోలేక కొందరు రైతులు కర్రలతో దడి కట్టి, మనిషికి పదో ఇరవయ్యో తీసుకొని లోపలికి పంపిస్తున్నారు. దాన్ని దోపిడీ అని విసుక్కునే పర్యాటకులను చూశాను. చేను తొక్కిన నష్టం ముందు ఆ ఇరవై రూపాయలు ఏపాటి? అదే బొమ్మను ఏడాది పొడవునా ప్రచారంలో వాడటం వల్ల, వేసవి సెలవుల్లో వెళ్లినవారు పూలు లేని ఎర్రటి దుక్కి చూసి తిట్టుకుంటూ వస్తారు. మన కుటుంబాలు ప్రయాణాలు పెట్టుకునేది ఎక్కువగా మే నెలలోనే అన్న సంగతి మీ శాఖకు నేను చెప్పనక్కర్లేదు.

మరి వేసవికి ముందు ఆ కొండల్లో చూడదగ్గది లేదా అంటే ఉంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో తొలి జల్లులు పడ్డాక కాఫీ తోటలు ఒక్కసారిగా తెల్లగా పూస్తాయి, మల్లెల్లాంటి వాసన వేస్తాయి, కొద్ది రోజుల్లో రాలిపోతాయి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా కాఫీ ఆ పూలనుంచి వచ్చేదే. వానాకాలం చివర ఏర్లు నిండుగా ఉంటాయి. కాశ్మీరుతో పోలిక లేకుండా చెప్పుకోగలిగినవి ఇన్ని ఉండగా అరువు పేరు ఎందుకు?

చరిత్ర గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను, సాంఘిక శాస్త్రం మాష్టారి అలవాటు అనుకోండి. పర్యాటకుల వ్యాన్లు ఎక్కే నర్సీపట్నం, లంబసింగి రోడ్డు నిర్మాణంలో గిరిజనులకు న్యాయమైన కూలి ఇవ్వకుండా తహసీల్దారు బాస్టియన్ హయాంలో చేసిన దౌర్జన్యం మన్యం తిరుగుబాటుకు దారితీసిన కారణాల్లో ఒకటి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం మొదట దాడి చేసిన చింతపల్లి పోలీసు స్టేషను లంబసింగికి ఎంతో దూరం లేదు. ఆయన సమాధి ఉన్న కృష్ణదేవిపేట నర్సీపట్నం చుట్టుపక్కలదే. మా డ్రైవరు ఆ దారి పొడవునా సెల్ఫీ పాయింట్లు మూడు చూపించాడు, ఈ సంగతి ఒక్కటీ చెప్పలేదు. చెప్పమని అతనికి చెప్పినవారు లేరు.

ఇక మీరు చేయగలిగినది. 2024–29 పర్యాటక విధానంతో ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చారు. పరిశ్రమ అన్నాక అమ్మే సరుకు మీద ఉన్నది ఉన్నట్టు రాయడం కూడా ఉండాలి కదా. శాఖ తరఫున వెలువడే ఏ ప్రచారంలోనూ ‘ఆంధ్రా కాశ్మీర్’ అన్న మాట ఉండరాదని, మన కొండలవి కాని బొమ్మలు వాడరాదని ఒక ఉత్తర్వు ఇవ్వండి. దానికి ఖర్చు లేదు. శాఖ దగ్గర నమోదయ్యే ట్రావెల్స్, రిసార్టుల వారు తమ ప్రకటనలో ప్రదేశం పేరు పక్కన ‘ఏ నెలల్లో, ఏ వేళల్లో’ అన్నది తప్పనిసరిగా రాయాలన్న షరతు పెట్టండి. తప్పుదోవ పట్టించే ప్రకటనలను 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం నిర్వచించింది, 10 లక్షల రూపాయల వరకు జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఇచ్చింది. కాబట్టి కొత్త చట్టం అక్కర్లేదు. ఇద్దరు ముగ్గురి ఫిర్యాదులను మీ శాఖే ముందుకు తీసుకెళితే మిగతావారు తామే సర్దుకుంటారు.

వంజంగి, లంబసింగిల విషయంలో అంతకంటే ముఖ్యమైనది ముందురోజు సమాచారం. ఆకాశం, గాలి, ఉష్ణోగ్రతల అంచనా విశాఖలోని వాతావరణ కేంద్రం ఎలాగూ ఇస్తుంది. దాన్ని బట్టి ‘రేపు ఉదయం మంచుతెర ఉండే అవకాశం ఎక్కువ’ అనో, ‘తక్కువ’ అనో సాయంత్రం ఆరు గంటలకల్లా నర్సీపట్నం, పాడేరు బస్టాండ్లలో ఒక బోర్డు మీద రాయించినా చాలు. మబ్బు పట్టిన రాత్రి అందరూ కొండెక్కకుండా ఉంటే, ఆ దారిలో ఇరుక్కునే వాహనాలు, వాటి వెనక మిగిలే సీసాలు, ప్లేట్లు కూడా తగ్గుతాయి.

ఆ బోర్డు రాసే పని, కొండ దారి చూపే పని, కాఫీ తోటల్లో తిప్పే పని అక్కడి యువతకే ఇవ్వాలి. 1/70 చట్టం ఆ నేలను గిరిజనేతరుల చేతికి పోకుండా కాపాడుతున్నప్పుడు, ఆ నేల పేరు మీద వచ్చే సంపాదనలో ఎంత భాగం అక్కడే ఉంటోందో మీ శాఖ లెక్క తీసి ప్రకటించాలని కోరుతున్నాను. ప్రతి ఉదయం మన మాటకు సంజాయిషీ చెప్పుకుంటున్న ఆ టీకొట్టు ఆమెకు ఆ లెక్కలో ఎంత వస్తుందో తెలుసుకోవాలని నాకు ఉంది.

మా మనవరాలు హైదరాబాదు వెళ్లే ముందు, తాను తెచ్చుకున్న కరపత్రం వెనక వైపున పెన్సిలుతో ఒక బొమ్మ గీసి నాకిచ్చింది. మంట, మంట చుట్టూ మనుషులు, ఒక పెట్టెలో స్ట్రాబెర్రీలు. మంచు గీయలేదు. ఆ కాగితాన్ని రెండు వైపులా నకలు తీయించి ఈ లేఖకు జతచేస్తున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పశ్చిమ గోదావరి జిల్లా.