పేరు చెప్పవద్దన్న ఆ పెద్దమనిషికి కృతజ్ఞతలు

రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా రంగంలో విమానంతో సహా కనిపించకుండా పోయిన మా చిన్నతాతగారి జీవిత వివరాలను వెలికితీసి, తన పేరు మాత్రం ఎక్కడా రాయవద్దని కోరిన పెద్దమనిషికి మా కుటుంబం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను.

మా దగ్గర మిగిలినవి ఒక టెలిగ్రాం, యూనిఫారంలో తీయించుకున్న ఒక ఫోటో మాత్రమే. ఆ ఫోటోను పెద్దది చేసి చూసి, రొమ్ము మీది బ్యాడ్జీకి ఒంటి రెక్కే ఉందనీ, రెండు రెక్కలది పైలట్లు ధరించేదనీ, వలయంలో ఉన్న 'ఏజీ' అక్షరాలను బట్టి ఆయన ఎయిర్ గన్నర్ (విమానంలో తుపాకీ పేల్చే సిబ్బంది) అనీ వారు తేల్చారు. ఇంట్లో ఇన్నేళ్లూ ఆయనను పైలట్ అనే చెప్పుకున్నాం. గన్నరైతే ఏం, ఆయన మీద మా గౌరవం పెరిగిందే తప్ప తగ్గలేదు.

ఆ పైన వారు లండన్‌లోని క్యూ అనే ప్రాంతంలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆయన స్క్వాడ్రన్ (వైమానిక దళ విభాగం) రికార్డు పుస్తకాలను ఓపికగా తిరగేసి, ఒక్కో విమాన ప్రయాణం వివరాలు నమోదు చేసే ఫారం 541 పేజీ నకలు పంపారు. విమానం నంబరు, ఇద్దరు సిబ్బంది పేర్లు, బయలుదేరిన సమయం అందులో స్పష్టంగా ఉన్నాయి. తిరిగివచ్చిన సమయం గడి ఖాళీగా ఉంది. దక్షిణ, తూర్పు ఆసియాలో మరణించి సమాధి తెలియని వైమానికుల పేర్లు సింగపూర్ క్రాంజీ స్మారకంపై చెక్కి ఉంటాయని, సైనికులవి కూడా కలిపి అక్కడున్న 24,000కు పైబడిన పేర్లలో ఆయన పేరును చూపించిందీ వారే.

నకళ్లకైన ఖర్చు కూడా వారు తీసుకోలేదు. అదే విమానంలో మరణించిన పైలట్‌గారి బంధువులు ఎవరైనా అడిగితే ఈ పత్రాలు వారికీ సంతోషంగా ఇస్తాం.