పుష్కరాల లోపు ఇంటిపేర్లు రాసి పెట్టుకుందాం

సంపాదకులకు నమస్కారం.

ఇంటిపేర్ల గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ఇలాంటివి తరచుగా రావాలి. అయితే ఊరి పేరు ఇంటిపేరుగా ఉంటే ఆ వంశం మూలం ఆ ఊరేనని అందులో తేల్చేశారు. మా గోదావరి డెల్టాలో ఆ లెక్క అంత తేలిగ్గా కుదరదు.

నా పుట్టింటి పేరు ముక్కామల. ఆ పేరుతో అంబాజీపేట దగ్గర ఒక ఊరుంది, పెరవలి మండలంలో ఇంకొకటి ఉంది. మనది కోనసీమేనని మా పెదనాన్నగారు, కాదు పెరవలి వైపని మా బాబాయిగారు, పండక్కి కలిసినప్పుడల్లా వాదించుకునేవారు. ఇద్దరి దగ్గరా కాగితం ముక్క లేదు. పైగా ముక్కామలలో ఉన్నన్నాళ్లూ ఎవరినీ ముక్కామల వారు అనరు కదా. ఆ ఊరు వదిలి ఇంకో ఊళ్లో కాపురం పెట్టాకే ఆ పేరు పడుతుంది. అంటే అది మనవాళ్లు ఎప్పుడో విడిచి వచ్చిన ఊరు. అంతకుముందు ఎక్కడున్నారో ఆ పేరు చెప్పదు. ఒకే ఊరి నుంచి వేర్వేరు కులాలవాళ్లు వేర్వేరు కాలాల్లో బయల్దేరి ఉంటారు కాబట్టి ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టాలు అయిపోరు. పెళ్లిమాటల్లో ఇంటిపేరు చెప్పగానే వెంటనే గోత్రం అడిగేది అందుకే.

మాకు కాస్త దారి చూపించింది మా అమ్మ ట్రంకుపెట్టెలో దొరికిన 1913 నాటి దస్తావేజు. జార్జి రాజు బొమ్మ ఉన్న స్టాంపు కాగితం, మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. అందులో మా ముత్తాతగారి పేరు, వారి తండ్రిగారి పేరు, "కృష్ణా జిల్లా నరసాపురం తాలూకా లంకలకోడేరు కాపురస్థులు" అని ఉన్నాయి. అది చూసి మా మేనల్లుడు మనం బందరు వైపు నుంచి వచ్చామని అమెరికా నుంచి ఫోను చేశాడు. కానీ నరసాపురం, తణుకు, భీమవరం తాలూకాలు 1904లో గోదావరి జిల్లా నుంచి కృష్ణాలోకి వెళ్లాయి. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడేదాకా అందులోనే ఉన్నాయి. మనుషులు కదల్లేదు, జిల్లా పేరు మారిందంతే. 2022లో మళ్లీ జిల్లాలు మారాయి. రేపు మన మనవలు కూడా ఇలాగే తికమక పడతారు.

ఆ దస్తావేజులో నాకు అన్నిటికంటే విలువైనవి నాలుగు హద్దులు. ఉత్తరం పంట బోదె (చిన్న కాలవ), దక్షిణం పుంత (బండ్ల దారి), పడమర వేరే వాళ్ల చెరువు గట్టు. తూర్పున మాత్రం "ముక్కామల వారి మెరక", అంటే ఎత్తు నేల, అని ఉంది. అంటే మా ముత్తాతగారు ఆ పొలం కొనేనాటికే మా ఇంటిపేరు వాళ్లు ఇంకొకరు అక్కడ ఉన్నారన్నమాట. వాళ్లు మా శాఖేనో కాదో తేలాలంటే గోత్రం తెలియాలి. దస్తావేజులో గోత్రం రాయరు. అటు చూస్తే తద్దినం పెట్టించే పురోహితుడు గోత్రం, మూడు తరాల పేర్లు అడుగుతారు, ఇంటిపేరు అడగరు. ఈ రెండూ ఒకచోట చేరితేనే వంశం కథ నిలబడుతుంది.

ఆడవాళ్ల సంగతి మరీ అన్యాయం. వంశవృక్షం వేయించుకున్న చాలా ఇళ్లల్లో కోడళ్ల పేరు ఉంటే గొప్ప, వాళ్ల పుట్టింటి పేరు అసలు ఉండదు. డెల్టాలో పేర్లు ఎలా పాకాయో తెలిసేదే సంబంధాల వల్ల. మా నాయనమ్మకు పసుపు కుంకుమల కింద ఇచ్చిన పొలం కాగితంలో ఫలానా వారి కుమార్తె, ఫలానా వారి భార్య అని రెండు ఇళ్లూ ఒకే వాక్యంలో ఉన్నాయి. అలాంటి కాగితాలు మీ ఇళ్లల్లో ఉంటే దయచేసి పాతసామాన్లవాడికి వెయ్యకండి.

మన ఇంటిపేర్లు నీళ్ల వెంట చాలా దూరం వెళ్లాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలవలు పారిన చోటికి జనం చేరారు. తరవాత ఇక్కడి రైతులే నిజాంసాగర్ కింద బోధన్ వైపు, కర్ణాటకలో తుంగభద్ర కింద గంగావతి, సింధనూరు క్యాంపులకూ (వలస రైతుల ఊళ్లకూ) వెళ్లారు. అక్కడ ఇంటిపేర్లు నిలిచాయి. కోరంగి రేవు నుంచి మారిషస్ వెళ్లిన కూలీలకు ఆ అదృష్టం లేదు. అక్కడి తెలుగువాళ్లలో చాలామందికి అప్పుడు ఓడ దిగిన తాతల పేర్లే ఇప్పుడు ఇంటిపేర్లు. మారిషస్‌లో మోకా అనే ఊళ్లో ఉన్న మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆనాటి వలస రికార్డులున్నాయి. అవి పట్టుకుని వాళ్లెవరైనా ఇక్కడికి వచ్చి అడిగితే చెప్పడానికి మన దగ్గర ఏముండాలి? మన స్కూలు రిజిస్టర్లలోనే ఇంటిపేరు ఒక్క అక్షరం అయిపోయింది. "ఎం." అంటే ముక్కామలో, ముత్యాలో, మాదిరాజో!

2027లో గోదావరి పుష్కరాలు. రాజమండ్రి, కొవ్వూరు రేవుల్లో పిండప్రదానాలకు ఊళ్లు కదిలి వస్తాయి. పుష్కరాల్లో తండ్రి వైపు, తల్లి వైపు వాళ్లకే కాదు, అత్తమామలకు, మేనమామలకు కూడా పేరుపేరునా పిండం పెడతారు. ఆ పేర్ల కోసం ప్రతి ఇంట్లో పెద్దవాళ్లను అడిగే రోజులివి. అడిగినప్పుడే పక్కన ఇంటిపేరు, ఊరు, పుట్టింటి పేరు కూడా రాసుకుంటే మహా అయితే పావుగంట ఎక్కువ పడుతుంది. మీరు ఆదివారం పేజీలో చిన్న చోటు ఇచ్చి, పాఠకులు పంపే వివరాలు వేస్తే ఒకరి కాగితం ఇంకొకరికి ఆధారం అవుతుంది. బతికి ఉన్నవాళ్ల పేర్లు అక్కర్లేదు.

మొదట మాది వేసుకోండి: ఇంటిపేరు ముక్కామల, కౌండిన్యస గోత్రం, 1913 నాటికి లంకలకోడేరు. నాయనమ్మ పుట్టింటివారు వేమూరి వారు, అమ్మమ్మ పుట్టింటివారు కొమరగిరి వారు. తూర్పు హద్దు మెరక ఎవరిదో తెలిసినవాళ్లు మీ పత్రికకు రాయగలరు.

ఇట్లు,
రిటైర్డ్ తెలుగు టీచరు,
పాలకొల్లు