పదకొండు సంచులు ఇంకా అక్కడే ఉన్నాయి

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ విశాఖ పేజీలో బీచ్ శుభ్రం చేశారని పెద్ద ఫొటోతో వార్త వేశారు. చేతులకి తెల్ల గ్లవ్స్, కొత్త చీపుళ్లు, వెనకాల సముద్రం. ఆ రోజే రాద్దామనుకుని, మనకెందుకులే అని ఊరుకున్నాను. కానీ రోజూ పొద్దున్నే ఆ ఇసుక మీదే నడిచేవాణ్ణి, ఎన్నాళ్లని చూసీ చూడనట్టు పోతాను?

ఆ రోజు ఏరిన చెత్తంతా నల్ల సంచుల్లో మూటగట్టి, గెడ్డ సముద్రంలో కలిసే చోట పెట్టి వెళ్లారు. లారీ వస్తుందన్నారు. రాలేదు. రెండో రోజుకి కుక్కలు చింపాయి. నాలుగో రోజు పౌర్ణమి పోటుకి సగం సంచులు సముద్రంలోకే పోయాయి. టన్నుల లెక్క మాత్రం పేపర్లో అచ్చయిపోయింది. అదే చెత్త వచ్చే నెల ఒడ్డుకి కొట్టుకొస్తే మళ్లీ ఏరి మళ్లీ తూకం వేసుకోవచ్చు!

ఆ సంచులకి 100 అడుగుల దూరంలో మొన్న శుక్రవారం ఒక ఆలివ్ రిడ్లే తాబేలు చచ్చి ఒడ్డున పడింది. ముందు రెక్కకి ఆకుపచ్చ నైలాన్ వల ముక్క చుట్టుకుని ఉంది. ఎన్నాళ్ల కిందట బిగిసిందో, చర్మం కోసుకుని ఎముక దాకా దిగింది. అధికారులకి ఫోన్ చేస్తే వస్తున్నామన్నారు. సాయంత్రం దాకా చూసి, ఇద్దరు జాలరి కుర్రాళ్లే గొయ్యి తీసి పూడ్చారు. "ఏటా ఇంతే కదా మాస్టారూ" అన్నారు.

మీ వార్తలో తాబేళ్ల చావుకి బీచ్‌కి వచ్చే జనమే కారణమన్నట్టు రాశారు. పూర్తిగా నిజం కాదండీ. తాబేలుకి మొప్పలుండవు, ఊపిరికి పైకి రావాల్సిందే. మరబోటు ట్రాల్ వలలో ఇరుక్కుంటే ఊపిరాడక చస్తుంది. వలకి టెడ్ అనే చట్రం బిగిస్తే అందులోంచి తప్పించుకుంటుంది. బిగిస్తే కదా! తెగిపోయి సముద్రంలో వదిలేసిన వలలూ నైలానే, అంటే ప్లాస్టికే. అవి మనిషి లేకుండానే వేటాడతాయి.

కవర్ల సంగతి ఇంకా ఘోరం. నీళ్లలో తేలే పల్చటి కవరు తాబేలు కంటికి జెల్లీ ఫిష్‌లా ఉంటుంది. మింగిన జెల్లీ ఫిష్ జారిపోకుండా తాబేలు గొంతు లోపల ముళ్లలాంటివి కడుపు వైపుకి తిరిగి ఉంటాయి. కవరు మింగినా అంతే, కక్కడం చేతకాదు. కడుపు నిండినట్టే ఉంటుంది, లోపల తిండి ఉండదు.

ఈ కవర్లన్నీ బీచ్‌లో పారేసినవి కావు. గట్టి వాన పడ్డ మర్నాడు గెడ్డ దగ్గర నిలబడి చూడండి. పాల ప్యాకెట్లు, షాంపూ సాషేలు, గుట్కా రేపర్లు, పెళ్లి భోజనాల గ్లాసులు వరసగా దిగుతుంటాయి. గెడ్డకి అడ్డంగా ఇనప మెష్ వేసి రోజూ తీయించమని రెండుసార్లు అర్జీ పెట్టాను. మొదటిసారి మా పరిధి కాదన్నారు. రెండోసారి పరిశీలనలో ఉందన్నారు. గెడ్డ ఒక శాఖదట, ఇసుక ఇంకో శాఖదట, తాబేలు మరో శాఖదట. సముద్రం ఎవరిదో అడగలేదు.

చట్టాలకేం లోటు లేదు. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే 19 రకాల ప్లాస్టిక్ వస్తువులు నిషేధం. ఆ ఏడాది ఆఖరు నుంచి 120 మైక్రాన్ల లోపు మందం ఉన్న క్యారీ బ్యాగు ఉండనే కూడదు. మా సందు చివర అరటిపళ్లు అమ్ముకునే ఆవిడకి జరిమానా రాశారు. ఆ కవర్లు ఆవిడేమన్నా బండి కింద తయారు చేస్తోందా? తయారు చేసేవాడి గేటు దాకా వెళ్లే తీరిక ఎవరికీ లేదు. మనమూ తక్కువ తినలేదు లెండి. గుడ్డ సంచి మర్చిపోయి బజారుకెళ్తే మా అమ్మ వెనక్కి పంపేది. ఇప్పుడు కొత్తిమీర కట్టకో కవరు, కరివేపాకుకో కవరు, అన్నీ వేసుకోడానికి ఇంకో కవరు. శ్రీకూర్మం వెళ్లి కూర్మనాథుడికి దండం పెట్టుకుని, ప్రసాదం కవరు బస్సు కిటికీలోంచి విసిరేస్తాం.

ఇది తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం. ఒక్కో తల్లి 100కి పైగా పెడుతుంది. హేచరీలో పిల్లలు బయటికొచ్చాక వాటిని సముద్రంలోకి వదిలే రోజు పెద్దలు మళ్లీ వస్తారు, మీరూ మళ్లీ ఫొటో వేస్తారు. ఆ రోజు మీ ఫొటోగ్రాఫర్‌ని కాస్త గెడ్డ వైపు కూడా నడవమనండి. పోటుకి పోగా ఈ ఉదయానికి 11 సంచులున్నాయి. లెక్కపెట్టాను.

- ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, విశాఖపట్నం