నీ విలన్‌ని అప్పుడే దింపకు మామా

మామా,

నీ మెసేజ్ రాత్రి చూశా, ఫోన్లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదనిపించి పొద్దున్నే కూర్చుని టైప్ చేస్తున్నా. ఇన్నేళ్ళు డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ప్లేయర్‌గా ఆడి ఇప్పుడు కథ నడిపించే డీఎంగా కూర్చోబోతున్నావంటే భలే సంతోషంగా ఉందిరా. కానీ "మనోళ్ళు టచ్ కూడా చెయ్యలేని విలన్ కావాలి, ఫస్ట్ సెషన్లోనే దింపేస్తా" అన్నావ్ చూడు, అక్కడ భయమేసింది నాకు. సరిగ్గా అదే పని నేను చేశా కాబట్టి.

నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు కదా ఆ రోజు సంగతి. నలుగురు ప్లేయర్లు, అందరూ ఐదో లెవెల్. నాకేమో డెత్ నైట్ అంటే పిచ్చి, ఒకప్పుడు ధర్మం కోసం కత్తి పట్టినవాడు పాడైపోయి, చచ్చినా చావు దక్కక తిరుగుతుంటాడు, అంతకన్నా మంచి విలన్ ఎవడుంటాడు చెప్పు. ఆటలోని రాక్షసుల లెక్కలుండే 2014 మాన్‌స్టర్ మాన్యువల్ తీసి యథాతథంగా దింపేశా. ఆర్మర్ క్లాస్ 20, అంటే డైస్ కలిపి అంత వస్తేనే దెబ్బ తగిలేది, హిట్ పాయింట్స్ అంటే ప్రాణం 180, ఎంత ప్రమాదమో చెప్పే ఛాలెంజ్ రేటింగ్ 17, ఐదో లెవెల్ వాళ్ళకి అందనంత ఎత్తు. వాడికి రోజుకోసారి హెల్‌ఫైర్ ఆర్బ్ అని ఒకటుంటుంది, పది డీ6 (ఆరు ముఖాల డైస్) నిప్పు, ఇంకో పది డీ6 నెక్రోటిక్, అంటే ప్రాణం పీల్చే డ్యామేజ్, యావరేజ్ వేసుకుంటే 70. మా విజార్డ్, అదే మంత్రగత్తె పాత్ర, హిట్ పాయింట్స్ మొత్తం 32. కొంతైనా తప్పించుకోడానికి వేసే డెక్స్ సేవ్ 18 రావాలి, 11 వచ్చింది. డైస్ కలిపితే 71. ఆమె 32 పోగా ఇంకా 39 మిగిలింది, అలా మిగిలిన డ్యామేజ్ పూర్తి హిట్ పాయింట్స్‌కి సమానమైనా దాటినా బతికే ఛాన్స్ కోసం వేసే డెత్ సేవ్‌లు కూడా ఉండవు, అక్కడికక్కడే పోయినట్టు. ఆ అమ్మాయి తన కారెక్టర్ కథ ఎనిమిది పేజీలు రాసుకొచ్చింది మామా. ఆ కారెక్టర్ చిన్న బొమ్మకి, అదే మినీకి, స్వయంగా రంగులేసుకుంది, నీలం అంగీ, అంచుకి సన్నగా బంగారు గీత. ఏమీ అనలేదు, ఆ మినీని దూది చుట్టి డబ్బాలో పెట్టుకుంది. ఆ దూది చుట్టడం నాకిప్పటికీ కళ్ళముందే ఉంది.

చచ్చిపోవడం తప్పు కాదు, మనమంతా ఎన్నిసార్లు చచ్చాం ఆటలో. వాళ్ళు తప్పు అడుగేసి చచ్చుంటే నాకింత బాధుండేది కాదు, అసలు ఏ అడుగూ వేసే ఛాన్స్ ఇవ్వకుండా చంపేశా, బాధంతా అదే.

తర్వాత చాలా రోజులు స్ట్రాడ్ గురించే ఆలోచించా. 1983లో ట్రేసీ, లారా హిక్‌మన్ దంపతులు రావెన్‌లాఫ్ట్ అనే అడ్వెంచర్ కోసం తయారుచేసిన వాంపైర్ దొర, నీకు తెలిసినవాడే. తమ్ముడు సెర్గీ పెళ్ళాడబోయే టాట్యానా మీద మనసుపడి పెళ్ళిరోజే తమ్ముణ్ణి చంపేస్తాడు, ఆ పిల్లేమో కోట మీంచి దూకేస్తుంది. ఐదో ఎడిషన్లో లెక్క చూస్తే స్ట్రాడ్ హిట్ పాయింట్స్ 144, డెత్ నైట్ కన్నా తక్కువే. అయినా వాడి పేరు చెప్తే టేబుల్ మొత్తం గప్‌చుప్. ఎందుకంటే వాడు మధ్యమధ్యలో వస్తాడు, పలకరిస్తాడు, కోటకి డిన్నర్‌కి పిలుస్తాడు, వెళ్ళిపోతాడు. మామూలుగా ప్రతి టర్న్‌కీ 20 పాయింట్లు తిరిగొచ్చేస్తాయ్, ఎండలోనో పారే నీళ్ళలోనో ఉంటే రావు, సున్నాకి దించినా పొగమంచై శవపేటికకి పోతాడు. మరి ఇంత మొండివాణ్ణి ఎట్లా చంపాలి అంటే, పేకముక్కలతో జోస్యం చెప్పించి, వాణ్ణి కొట్టడానికి పనికొచ్చే కత్తి ఎక్కడుందో, పవిత్ర చిహ్నం ఎక్కడుందో, వాడి డైరీ ఎక్కడుందో ముందే ఆటలో పెట్టేశారు! ప్రతి ఆటకీ చోట్లు మారతాయ్.

ఇది చదువుతుంటే మా నానమ్మ చెప్పిన హిరణ్యకశిపుడి కథ గుర్తొచ్చింది. పగలు కాదు రాత్రి కాదు, లోపల కాదు బయట కాదు, మనిషి కాదు మృగం కాదు. చిన్నప్పుడు వింటే ఇంకెవడు చంపుతాడ్రా వీణ్ణి అనిపించేది. కానీ వాడు అడిగిన ఒక్కో వరంలోనే ఒక్కో సందు ఉంది, సంధ్యవేళ, గడప మీద, నరసింహుడు. డీఎం అనేవాడు ఆ వరాల లిస్టు ముందు రాసుకోవాలిరా, హిట్ పాయింట్స్ తర్వాత.

ఇంకో సంగతి, మర్చిపోకు. బాస్‌ని ఒంటరిగా పెడితే వాడి ఒక్క టర్న్‌కి మనోళ్ళవి నాలుగు టర్న్‌లు, ఎంత పెద్దోడైనా రెండు రౌండ్లలో పడిపోతాడు, అందుకే పెద్ద బాస్‌లకి వేరేవాళ్ళ టర్న్ అవ్వగానే వాడుకునేలా లెజెండరీ యాక్షన్స్ ఇస్తారు. 2014 పుస్తకంలోని డెత్ నైట్‌కి అవి లేవు, అందుకని వాడి పక్కన కొన్ని అస్థిపంజరాలుంటే చాలు.

మళ్ళీ అదే బ్యాచ్‌తో కొత్త క్యాంపెయిన్ మొదలుపెట్టా, మళ్ళీ డెత్ నైటే, ఈసారి డ్రాగన్‌లాన్స్ అనే ఫాంటసీ కథల్లోని డెత్ నైట్ లార్డ్ సోత్‌ని దగ్గర పెట్టుకుని రాశా. సోత్‌కి లోకాన్ని ప్రళయం నుంచి కాపాడే అవకాశం దేవుళ్ళే ఇస్తే, పెళ్ళాం మీద అనుమానంతో సగం దారిలో వెనక్కొచ్చేస్తాడు, కోట తగలబడుతుంటే ఆమె బిడ్డనైనా కాపాడమని చెయ్యి చాపినా వదిలేస్తాడు. ఆమె శాపమే వాడి బతుకు. మా వాడికీ అట్లాంటి గాయం ఒకటి పెట్టా.

మూడో లెవెల్‌లోనే రాతి వంతెన మీద ఎదురుపడ్డాడు. ఫైటర్ ఉరికి కొట్టాడు, టోటల్ 23, తగిలిందని అరిచాడు కూడా, నేను పారీ, అంటే చేతిలోని కత్తితో దెబ్బ ఆపడం, వాడి వాడి ఆర్మర్ క్లాస్‌కి ఆరు కలిపా, 26, కత్తి పక్కకి జారింది. వాడు తిరిగి కొట్టలేదు, షీల్డ్ లాక్కుని నదిలో పడేసి నడుచుకుంటూ పోయాడు. ఇప్పుడు వీడితో మీవల్ల కాదు, వెనక దారి ఖాళీగానే ఉంది అని నేనే నోరు తెరిచి చెప్పా. పారిపోయారు, ఒక్కడు చావలేదు, కానీ ఆ తర్వాత ఆరు నెలలూ వాడి గురించి తప్ప మాటల్లేవ్.

ఊళ్ళన్నీ తొక్కేసే వాడి గుర్రం ఒక్క కాలిపోయిన ఇంటి గడప దగ్గర మాత్రం ఆగుతుందని కనిపెట్టింది ఎవరో తెలుసా, అప్పుడు విజార్డ్‌ని పోగొట్టుకున్న అమ్మాయే, ఇప్పుడు రోగ్, అదే దొంగ పాత్ర, ఆడుతోంది. బూడిదలో వెతికితే ఉయ్యాలకి కట్టే చిన్న గంట దొరికింది. చివరి ఫైట్‌లో, ఆర్బ్ కూడా అయిపోయి ఇద్దరు కింద పడున్నప్పుడు, తన టర్న్‌లో కొట్టకుండా ఆ గంట ఊపింది. వాడి చేతిలోంచి కత్తి జారిపోయింది అన్నా నేను. చేతిలో ఆయుధం లేకపోతే పారీ కుదరదు కదా. ఫైటర్ డైస్ వేశాడు, కలిపితే మళ్ళీ 23 వచ్చింది మామా, ఈసారి తగిలింది. అందరూ కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు.

నీ విలన్ స్టాట్స్ ఇప్పుడే పంపకు. వాడు ఎవర్ని పోగొట్టుకున్నాడో, ఏ చోట అడుగుపెట్టలేడో రాసి పంపు. మిగతావి ఆదివారం కాల్‌లో కూర్చుని కడదాం, నీ డైస్ దగ్గర పెట్టుకో.

ఉంటా మరి,
నీ మామ