ఫిర్యాదు: మీ విత్తన ఉర్లగడ్డల (బంగాళాదుంపల)తో పాటు మా చేలోకి వచ్చిన తెగులు గురించి

మేనేజర్ గారికి,
నమస్కారం.

నేను చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గర రైతును. పోయిన అక్టోబరు 9న మీ డీలర్ దగ్గర 20 మూటల విత్తన ఉర్లగడ్డ కొన్నాను. 50 కిలోల మూట, ఒక్కోటి 1,900 రూపాయలు, మొత్తం 38,000. బిల్లులో ‘కుఫ్రి జ్యోతి, సర్టిఫైడ్’ అని రాశారు. లాట్ నంబరు కనబడేలా ఆ బిల్లు, మూటకున్న ట్యాగు జిరాక్సులు ఈ లేఖతో పంపుతున్నాను. మీ కస్టమర్ కేర్‌కు నాలుగుసార్లు ఫోన్ చేశాను. నాలుగుసార్లూ ‘వాతావరణం వల్ల అయ్యుంటుంది సార్’ అన్నారు. అందుకే రాతపూర్వకంగా పెడుతున్నాను.

జ్యోతి కావాలని నేను ఊరికే అడగలేదు. 1968లో సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ విడుదల చేసిన రకం అది. వచ్చిన కొత్తలో ఆకుమాడు తెగులును బాగా తట్టుకునేదట, ఇప్పుడు ఆ శక్తి తగ్గింది. ఆ సంగతి తెలిసే కొన్నాను, ఎందుకంటే గడ్డ తెల్లగా, మొలకలొచ్చే కళ్లు లోతు లేకుండా ఉంటుంది, మండీలో పేరు చెబితే చాలు. పుఖ్రాజ్ రకం త్వరగా చేతికొస్తుంది గానీ దాని లోపల పసుపు రంగు, మా దగ్గర కొనేవాళ్లకు అది నచ్చదు. ఎండను తట్టుకుంటుందని సూర్య రకం వేసుకోమని ఒకరు చెప్పారు. రాత్రి వేడి 20 డిగ్రీలు దాటితే మామూలు రకాలు గడ్డ సరిగా కట్టవు, సూర్య కడుతుంది, నిజమే. కానీ డిసెంబరు రాత్రి దుప్పటి లేకుండా పడుకోలేని ఊరు మాది, మాకు సూర్యతో పనేముంది?

మూటలు వచ్చిన రోజు నుంచీ చెబుతాను. సంచులు చెమట పట్టి ఉన్నాయి. కోల్డ్ స్టోరేజీ నుంచి నేరుగా లారీ ఎక్కించారని చూస్తేనే తెలిసింది. ఒక్క గడ్డకూ మొలక లేదు. మీ డీలర్ మాత్రం ‘రేపే నాటేయొచ్చు’ అన్నాడు. నేను నాటలేదు. వసారాలో పలచగా పరిచి, ఎండ తగలకుండా వెలుతురు మాత్రం పడేలా 13 రోజులు ఉంచితే, పచ్చగా పొట్టిగా గట్టి మొలకలు వచ్చాయి. ఈలోపల ఒకటిన్నర మూట కుళ్లిపోతే పెంటకుప్పలో వేశాను. ఆ వాసన ఇంట్లోంచి పోవడానికి వారం పట్టింది.

నాటే ముందు రోజు మా అమ్మ గడ్డలు కోస్తూ ‘ఇదేందిరా, ఇది వేరే గడ్డ’ అంది. చూస్తే లోపల పసుపు. అక్కడి నుంచి లెక్కపెట్టాను. కోసిన ప్రతి పదిలో రెండు మూడు పసుపువే. అప్పుడే ఫోటోలు తీసి డీలర్‌కు పంపితే, ‘జ్యోతిలో అట్లా కూడా వస్తాయి’ అని జవాబిచ్చాడు. జ్యోతిలో అట్లా రావు. ఆ రోజే మూటకున్న ట్యాగును కూడా సరిగా చూశాను. సర్టిఫైడ్, అంటే ప్రభుత్వ ఏజెన్సీ ధ్రువీకరించిన విత్తనానికి నీలం ట్యాగు ఉండాలి. మీ మూటకున్నది ఆకుపచ్చ ట్యాగు, అంటే కంపెనీ తన మాట మీద తాను అమ్ముకునే విత్తనం. ఆకుపచ్చ ట్యాగు విత్తనం అమ్మడం తప్పు కాదు, కానీ బిల్లులో సర్టిఫైడ్ అని ఎలా రాస్తారు? కొనేటప్పుడే చూసుకోకపోవడం నా పొరపాటు, ఒప్పుకుంటాను.

అక్టోబరు 22న ముప్పాతిక ఎకరంలో నాటాం. మీ విత్తనం 75 సాళ్లు. పైగట్టున మిగిలిన 8 సాళ్లలో మా తమ్ముడు వేరే చోటు నుంచి తెచ్చిన జ్యోతి, రెండు మూటలు. చేను ఒకటే, ఎరువు ఒకటే, బోరు నీళ్లు ఒకటే, నాటిన రోజు కూడా ఒకటే.

నలభై రోజులు దాటాక మధ్యాహ్నాలు కొన్ని మొక్కలు తల వాల్చడం మొదలైంది. సాయంత్రానికి లేచేవి. నీళ్లు చాలలేదేమో అనుకున్నాను. మూడో రోజు లేవలేదు, ఆకు పచ్చగా ఉండగానే మొక్క మొత్తం వాలిపోయింది. ఉద్యాన శాఖ నుంచి ఒకాయన వచ్చి, వాడిన మొక్క కాండాన్ని మొదట్లో రెండంగుళాల ముక్క కోసి, గాజు గ్లాసులో మంచినీళ్లు పోసి అందులో వేలాడదీశారు. రెండు మూడు నిమిషాలకు కోసిన చోటు నుంచి తెల్లగా పాలదారంలా కిందికి దిగింది. ‘బ్యాక్టీరియా ఎండు తెగులు, దీనికి మందు లేదు’ అన్నారు. తర్వాత తవ్విన గడ్డను అడ్డంగా కోసి పిండితే, తొక్క లోపలి గోధుమరంగు వలయం నుంచి చీములాంటిది వచ్చింది. రెండింటి వీడియోలూ నా దగ్గర ఉన్నాయి.

‘అది నేలలోదే’ అని మీ డీలర్ అంటున్నాడు. అంతకు ముందు రెండేళ్లు ఆ చేలో ఈ తెగులు రాని రాగి, మొక్కజొన్న తప్ప ఏమీ వేయలేదు. మా తమ్ముడి 8 సాళ్లలో ఒక్క మొక్క కూడా వాడలేదు. మీవాళ్లు అడిగేలోపు నేనే ఒకటి చెబుతాను. కోడిగుడ్డంత గడ్డలను కోయకుండా నాటాం, పెద్దవాటిని మాత్రమే రెండు మూడు కళ్లు వచ్చేలా కోశాం. తెగులు ఎక్కువగా కోసినవి పెట్టిన సాళ్లలోనే వచ్చింది. మా అమ్మ ఒకే కత్తితో కోసింది. మధ్య మధ్యలో కత్తిని మందునీళ్లలో ముంచాలని మాకు తెలియదు, మీరిచ్చిన కాగితంలోనూ ఆ మాట లేదు. కాబట్టి కత్తి వల్ల పాకింది, బోదెల్లో నీళ్లతో ఇంకా కిందికి పాకింది, కాదనను. కానీ ఆ కత్తి అంతకు ముందు మా ఇంట్లో వంకాయలు కోసుకునే కత్తి. దానికి తెగులు అంటింది మీ మూటలోని గడ్డ నుంచే.

జనవరి 28న తవ్వాం. తమ్ముడి 8 సాళ్లకు 11 మూటలు. మీ 75 సాళ్లకు 39 మూటలు, అందులో ఆరు వారంలోనే కుళ్లి కారాయి. మిగిలినదాన్ని మండీలో కోసి చూసి, కలగాపులగం సరుకని ధర తగ్గించారు. తమ్ముడి లెక్కన నాకు నూరు మూటలు దాటాలి. 60 మూటలే నష్టం అనుకున్నా, ఆ వారం మంచి జ్యోతి మూట 900 పలికింది కాబట్టి 54,000 రూపాయలు. పంట నష్టం ఇస్తే విత్తనం డబ్బు వేరుగా అడగను, రెండూ అడగడం న్యాయం కాదు.

అసలు నేను రాసేది మాత్రం ఈ డబ్బు గురించి కాదు. మా వైపు బతికేది టమాటా మీద. మార్చిలో ఆ చేలోనే టమాటా నాటాలని డ్రిప్ పైపులు కూడా తెచ్చిపెట్టుకున్నాను. ఈ తెగులు టమాటాకు, వంగకు, మిరపకు కూడా వస్తుంది. పంట తీసేసినా మట్టిలో ఏళ్ల తరబడి ఉంటుంది. ఇప్పుడు నేను మళ్లీ రాగి, మొక్కజొన్న వేసుకుంటూ కూర్చోవాలి. రాగి మా ఇంటి సంగటికి సరిపోతుంది గానీ బ్యాంకు కంతు కట్టదు. డ్రిప్ పైపులు చుట్టలు చుట్టలుగా వసారాలో, మీ గడ్డలు పరిచిన చోటే ఉన్నాయి.

నాకు కావలసినవి చెబుతాను. 54,000 రూపాయలు చెల్లించాలి. మీ మనిషిని పంపి చేను చూడాలి, మట్టి, గడ్డల నమూనాలు నా ముందే తీసి పరీక్ష చేయించి ఆ రిపోర్టు కాపీ నాకివ్వాలి. ఇదే లాట్ ఇంకెవరికి అమ్మారో వాళ్లందరికీ మీరే ఫోన్ చేసి, ఆ చేలో టమాటా వేయొద్దని చెప్పాలి. ఈ చివరిది మాత్రం ఆలస్యం చేయకండి, నారు పోసుకునే రోజులివి.

విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది, అదీ మన ఆంధ్రప్రదేశ్ రైతుల కేసుల్లోనే. ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే చిత్తూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. ఈ లోపల మీవాళ్లు వస్తే భోజనం పెట్టి మరీ చేను చూపిస్తాను. చెప్పులు మాత్రం గట్టు మీదే విడిచి దిగమనండి, ఆ మట్టి ఇంకొకరి చేలోకి పోకూడదు.

ఇట్లు,
పలమనేరు ప్రాంత రైతు

జత: బిల్లు, ట్యాగు జిరాక్సులు, పసుపు గడ్డల ఫోటోలు, గ్లాసు పరీక్ష వీడియోలు, మండీ చీటీ